గ్యాస్‌తో నడిచే స్టాండ్‌బై జనరేటర్‌ను సురక్షితంగా అమర్చుకోవడం ఎలా?

కరెంటు పోయిన కొద్ది సెకన్లలో తనంతట తానే మొదలై, కరెంటు తిరిగి వచ్చాక తనంతట తానే ఆగిపోయే యంత్రాన్ని స్టాండ్‌బై జనరేటర్ అంటారు. దాని సౌకర్యం ఎక్కడ ఉందో ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. చేత్తో తాడు లాగి నడిపించే చిన్న జనరేటర్ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి గ్యాస్ వాసన వచ్చినా, శబ్దం మారినా వెంటనే ఆపేస్తారు. స్టాండ్‌బై యంత్రం మాత్రం అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నప్పుడో, ఇంటికి తాళం వేసి ఊరెళ్లినప్పుడో మొదలవుతుంది. అందుచేత స్థలం ఎంచుకునేటప్పుడు, పైపు వేయించేటప్పుడు, తీగ కలిపించేటప్పుడు ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసుకోండి: దగ్గర మనిషి లేని వేళ ఇక్కడ ఏదైనా తప్పితే ఏమవుతుంది?

గ్యాస్ లైను కలపడం, మెయిన్ బోర్డులో వైర్లు కలపడం లైసెన్సు ఉన్న పనివారే చేయాలి. చాలా చోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. మీ వంతు పని లెక్క వేయడం, స్థలం ఎంచుకోవడం, పని జరుగుతున్నప్పుడు ఏం చూడాలో తెలుసుకుని చూడటం, పరీక్షలన్నీ మీ కళ్ల ముందు జరిగేలా పట్టుబట్టడం. ఈ వ్యాసం ఆ పనుల కోసమే. ఇక్కడ ఇచ్చిన అంకెలకూ మీ యంత్రంతో వచ్చిన పుస్తకానికీ తేడా వస్తే పుస్తకాన్నీ, మీ ప్రాంతపు నిబంధనలనూ అనుసరించండి. రెండింటిలో ఏది ఎక్కువ కఠినంగా ఉంటే అదే మీకు ప్రమాణం.

మొదట లోడు లెక్క

కరెంటు పోయినప్పుడు తప్పనిసరిగా నడవాల్సిన వస్తువులను ఒక కాగితం మీద రాయండి. ఉదాహరణకు దీపాలు, ఫ్యాన్లు కలిపి 600 వాట్లు, ఫ్రిజ్ 200, నీళ్ల మోటారు 1100, ఒక ఏసీ 1800, చిల్లర పరికరాలు 100 అనుకుంటే మొత్తం 3800 వాట్లు అవుతుంది. లెక్క ఇక్కడితో ఆగదు. మోటారు, ఏసీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతాయి. ఇన్వర్టర్ రకం ఏసీలు, మెల్లగా మొదలయ్యేలా చేసే సాఫ్ట్ స్టార్టర్ పెట్టిన మోటార్లు అంత లాగవు. హఠాత్తుగా పడిన బరువును గ్యాస్ ఇంజన్ డీజిల్ ఇంజన్ అంత చురుగ్గా అందుకోలేదు. కాబట్టి రెండు పెద్ద మోటార్లు ఒకేసారి మొదలు కాకుండా ఏర్పాటు చేసుకోవడం పెద్ద జనరేటర్ కొనడం కన్నా మేలైన మార్గం.

యంత్రం మీద రాసి ఉన్న సామర్థ్యం మీ దగ్గర పూర్తిగా దక్కదని కూడా గుర్తుంచుకోవాలి. ఎల్పీజీతో 8 కిలోవాట్లు ఇచ్చే యంత్రం సహజవాయువుతో సుమారు పదో వంతు తగ్గి 7.2 కిలోవాట్ల వరకే ఇస్తుంది. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరో 3 నుంచి 3.5 శాతం పోతుంది కాబట్టి, 900 మీటర్ల ఎత్తున ఉన్న ఇంట్లో అదే యంత్రం నుంచి ఆరున్నర కిలోవాట్లకు మించి ఆశించకూడదు.

ఏ గ్యాస్, ఎంత గ్యాస్

సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. అది గాలి కన్నా తేలిక కాబట్టి లీకైతే పైకి లేచి, ఆరుబయట అయితే త్వరగా చెదిరిపోతుంది. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమమైన ఎల్పీజీ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఎక్కువగా ఉంటే రెండు రెట్ల వరకు బరువు. లీకైన ఎల్పీజీ నేల వెంట పాకి కాలువల్లోకి, గుంటల్లోకి, నేలమాళిగల్లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. ప్రొపేన్‌కు మాత్రం దాదాపు 2 శాతం చాలు. స్థలం ఎంపికలో ఈ తేడాకు చాలా ప్రాధాన్యం ఉంది.

చిన్న జనరేటర్లు ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతు కూడా కష్టం మీదే కరెంటుగా మారుస్తాయి; మిగిలినదంతా వేడిగా పోతుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.4 నుంచి 0.5 ఘనమీటర్ల సహజవాయువు గానీ, 350 గ్రాముల ఎల్పీజీ గానీ ఖర్చవుతుందని లెక్కించుకోవచ్చు. అంటే 8 కిలోవాట్ల యంత్రం పూర్తి లోడు మీద గంటకు 2.8 కిలోల ఎల్పీజీ తాగుతుంది. రెండు బర్నర్ల వంటపొయ్యిలు ఏడెనిమిదింటిని ఒకేసారి పూర్తి మంట మీద పెడితే ఎంత గ్యాస్ కావాలో ఇది ఒక్కటే అంత కోరుతుందన్న మాట. ఈ పోలికను మనసులో ఉంచుకుంటే, వంటింటి లైను నుంచి చిన్న పాయ తీసి జనరేటర్‌కు కలిపేద్దామని ఎవరైనా అన్నప్పుడు మీరు ఒప్పుకోరు.

ఎల్పీజీతో మరొక చిక్కు ఉంది. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది మరిగి ఆవిరైతేనే ఇంజన్‌కు అందుతుంది. మరగడానికి కావాల్సిన వేడిని సిలిండర్ గోడల నుంచే తీసుకుంటుంది కాబట్టి, చిన్న సిలిండర్ నుంచి వేగంగా గ్యాస్ లాగితే దాని కింది భాగం చల్లబడి, మొదట చెమట పట్టినట్టు నీటి బొట్లు, ఆ తర్వాత తెల్లని మంచు పొర కనిపిస్తాయి. లోపల పీడనం పడిపోయి, సిలిండర్‌లో ఇంకా సగం గ్యాస్ ఉండగానే ఇంజన్ ఆగిపోతుంది. దీనికి పరిష్కారం కొన్ని సిలిండర్లను మానిఫోల్డ్ అనే ఉమ్మడి గొట్టంతో కలపడం, లేదా ద్రవం ఎక్కువ వైశాల్యంలో గోడను తాకి ఉండే పెద్ద ట్యాంకు పెట్టడం. సిలిండర్‌కు వేడినీళ్లు పోయడం, మంట చూపించడం ఎన్నటికీ చేయకండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గానీ బ్యూటేన్‌కు దాదాపు సున్నా డిగ్రీలు కావాలి. చలి ప్రాంతాల వారు ప్రొపేన్ ఎక్కువగా ఉన్న గ్యాస్‌నే అడిగి తీసుకోవాలి. సిలిండర్లు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పక్కకు పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది.

సహజవాయువు లైను ఉంటే నిల్వ బెడద ఉండదు. అయితే భూకంపమో పెద్ద వరదో వచ్చినప్పుడు సరఫరాదారు ఆ లైనునే మూసేయవచ్చు. అలాంటి వేళ కరెంటు అత్యవసరమైన ఇంటికి, అంటే శ్వాస యంత్రం మీద రోగి ఉన్న ఇంటికి, సొంత నిల్వ ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఇంజన్‌ను ఏ గ్యాస్‌కు అమర్చారో కూడా ముందే అడగండి. సహజవాయువుకు అమర్చిన ఇంజన్‌ను ఎల్పీజీకి మార్చకుండా కలిపితే గ్యాస్ పాలు మితిమీరి పొగలో విషవాయువు పెరుగుతుంది.

స్థలం

ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మేలుకుని ఉన్నవారికి తలనొప్పి, తలతిరుగుడు, వికారం కలుగుతాయి; నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. అందువల్ల జనరేటర్ స్థానం ఎప్పుడూ ఆరుబయటే. తలుపులు తెరిచి పెట్టినా గ్యారేజీ పనికిరాదు. వరండా, బాల్కనీ, సెల్లార్, మెట్ల కింది చోటు కూడా అంతే.

కిటికీలు, తలుపులు, గాలి లోపలికి పోయే ఏ రంధ్రం నుంచైనా కనీసం 1.5 మీటర్ల దూరం ఉండాలన్నది చాలా మంది తయారీదారులు చెప్పే హద్దు. అది కనిష్ఠం మాత్రమే కాబట్టి, పొగ వెలువడే వైపున మీ స్థలం అనుమతించినంత ఎక్కువ దూరం ఇవ్వండి. మండే స్వభావం ఉన్న గోడకు కూడా అంతే దూరం కావాలి. మీ మోడల్‌ను ఇంకా దగ్గరగా పెట్టి పరీక్షించామని తయారీదారు రాతపూర్వకంగా చెబితే తప్ప దాన్ని తగ్గించకండి. రెండు గోడలు కలిసే మూల, మూడు వైపులా గోడలున్న సందు చూడటానికి ఎంతో అనువుగా కనిపిస్తాయి గానీ, పొగ అక్కడే సుడి తిరిగి పై అంతస్తు కిటికీలోకి పోతుంది. స్థలం ఖాయం చేసే ముందు ఒక కర్రకు పలుచని దారపు పోగు కట్టి అక్కడ పాతి, నాలుగైదు రోజులు ఉదయం, సాయంత్రం, రాత్రి గాలి ఎటు వీస్తోందో చూడండి. రాత్రి గాలి పగటి గాలికి ఎదురుగా వీచడం చాలా చోట్ల మామూలే, మనకు ముఖ్యమైనది రాత్రి గాలే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, పడకగదుల దగ్గరా, ప్రతి అంతస్తులోనూ బ్యాటరీ ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టనిదే జనరేటర్‌ను వాడకంలోకి తేకండి.

దిమ్మె సంగతి తేలిక. 10 సెంటీమీటర్ల మందాన కాంక్రీటు పోసి, యంత్రం కన్నా నాలుగు వైపులా కాస్త వెడల్పుగా, మట్టంగా, వాన నీరు ఎంత నిలిచినా అంతకన్నా ఎత్తులో ఉండేలా కట్టించండి. చూరు నీళ్లు యంత్రం మీద పడకూడదు. తలుపు తీసి పని చేయడానికి ముందు వైపు ఒక మీటరు ఖాళీ ఉండాలి. ఎల్పీజీ సిలిండర్లను జనరేటర్‌కు కనీసం 3 మీటర్ల ఎడంగా, కాలువలకూ మ్యాన్‌హోళ్లకూ దూరంగా పెట్టాలి. ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ ఈ దూరం కూడా పెరుగుతుంది.

గ్యాస్ పైపు

ఇక్కడ తొందరపడితే ఆ తప్పు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. నేను చూసిన ఒక ఇంట్లో జనరేటర్ పగటి పరీక్షలో చక్కగా నడిచింది. పదిహేను రోజుల తర్వాత ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు వంటపొయ్యి వెలుగుతోంది, నీళ్ల హీటర్ నడుస్తోంది, ఏసీ కంప్రెసర్ మొదలైంది. ఇంజన్ ఊపిరి అందనట్టు పైకీ కిందికీ ఊగి, నిమిషంలోపే ఆగిపోయింది. దాంతో పాటు పొయ్యి మంట కూడా కుంచించుకుపోయింది. యంత్రంలో ఏ లోపమూ లేదు. వంటింటికి వెళ్లే అరంగుళం పైపు నుంచి పాయ తీశారు, అంతే. మీటరు దగ్గర నుంచి పెద్ద పైపు విడిగా వేశాక ఆ బాధ తీరింది. ఆరిపోయే దశకు వచ్చిన పొయ్యి మంట ఆ రోజు ఎవరూ చూడకపోయి ఉంటే, పీడనం తిరిగి వచ్చాక మంట లేని బర్నర్ నుంచి గ్యాస్ వస్తూనే ఉండేదన్నది నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం.

కాబట్టి పైపు సైజును ఇంట్లోని గ్యాస్ పరికరాలన్నీ ఒకేసారి పూర్తిగా నడుస్తున్నాయని భావించి లెక్కించాలి. పొడవు రెట్టింపైతే అదే పైపు మోయగల గ్యాస్ దాదాపు 70 శాతానికి పడిపోతుంది. వ్యాసం రెట్టింపైతే అయిదారు రెట్లు పెరుగుతుంది. ప్రతి మోచేతి వంపు కూడా కొన్ని అడుగుల పైపుతో సమానం. పైపుతో పాటు మీటరు, సరఫరాదారు రెగ్యులేటర్ కూడా అంత ప్రవాహాన్ని మోయగలవా అని సరఫరాదారును రాతపూర్వకంగా అడగండి, చాలదంటే మార్పించండి.

మీటరు వైపు నుంచి వస్తూ ఉంటే మెయిన్ వాల్వ్, రెగ్యులేటర్, జనరేటర్‌కు చేతికందే దూరంలో మరొక వాల్వ్, ఆ తర్వాత కిందికి కాలు దించిన 'టీ' (T) ఆకారపు పైపు కీలు, చివరన వంగే కనెక్టర్, దాని వెంట యంత్రం వరుసగా రావాలి. పైపులోని తుప్పు, తేమ యంత్రంలోకి పోకుండా ఆ టీ కాలులో చేరతాయి. వంగే కనెక్టర్ ఉన్నది ఇంజన్ అదురు పైపుకు పాకకుండా ఆపడానికే. దాన్ని మెలిపెట్టకూడదు, పైపు పొడవు చాలలేదని దానితో సర్దకూడదు, గోడలోంచి తీయకూడదు. గోడ దాటే చోట పైపుకు తొడుగు ఉండాలి. భూమిలో వేసే పసుపు రంగు పాలిథిలిన్ పైపు కనీసం 45 సెంటీమీటర్ల లోతున ఉండాలి. దాని వెంట, పైపు ఎక్కడుందో తర్వాత జాడ తీయడానికి పనికొచ్చే తీగ, పైన హెచ్చరిక టేపు వేయించండి, రేపు ఎవరో గునపం దించినప్పుడు ఆ టేపే కాపాడుతుంది. ఆ పైపు నేల పైకి రాకూడదు. పైకి వచ్చే భాగానికి లోహపు పైపే వాడాలి.

రెగ్యులేటర్ మీద చిన్న గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. దాని నోరు కిందికి తిరిగి, పురుగులు దూరకుండా జాలీ ఉండాలి. కందిరీగ అందులో మట్టి గూడు కడితే రెగ్యులేటర్ పీడనాన్ని సరిగా అదుపు చేయలేదు. ఆరు నెలలకోసారి టార్చి వేసి చూడండి.

పైపు పూర్తయ్యాక గ్యాస్ వదిలే ముందు గాలితో గానీ నైట్రోజన్‌తో గానీ పీడన పరీక్ష చేయాలి. ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు. ఆ సమయంలో జనరేటర్‌ను లైను నుంచి విడదీయాలి, ఎందుకంటే దాని లోపలి రెగ్యులేటర్ కొన్ని పదుల మిల్లీబార్లకు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మించి తట్టుకోలేదు, పరీక్ష పీడనం దాన్ని పాడుచేస్తుంది. గేజీ ముల్లు నిర్ణీత సమయం పాటు కదలకపోతే జనరేటర్‌ను కలిపి, గ్యాస్ వదిలి, ప్రతి కీలుకూ సబ్బునీళ్లు పూయించండి. పెద్ద లీకైతే బుడగ వెంటనే ఉబ్బుతుంది, దాన్ని ఎవరైనా పట్టుకుంటారు. మోసం చేసేది చిన్న లీకే. రెండు పైపులను కలిపే యూనియన్ నట్టు అంచున ఆవగింజలో సగం ఉండే తెల్లని నురుగు చుక్కలు ఒక్కొక్కటిగా, అర నిమిషం తర్వాత గానీ పుట్టవు. కాబట్టి ఒక్కో కీలు దగ్గర నిమిషం నిండా కళ్లు ఆర్పకుండా చూడండి. అగ్గిపుల్లతో లీకు వెతకడం ఆత్మహత్యతో సమానం.

గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. దుర్వాసన కలిగించే గంధక పదార్థాన్ని కావాలని కలుపుతారు. 1937లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో న్యూ లండన్ అనే ఊరి పాఠశాలలో వాసన లేని గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది, అత్యధికులు పిల్లలే, చనిపోయాక ఆ కలపడం అక్కడ చట్టమైంది. ఆ వాసనను తేలిగ్గా తీసుకోకండి. వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, తీయవద్దు; చేతికందితే మెయిన్ వాల్వ్ మూసి, అందరినీ బయటికి తీసుకెళ్లి, దూరం నుంచి ఫోన్ చేయండి. వాల్వ్ పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు అని ఇంట్లో పిల్లలకు కూడా చేత్తో తిప్పి చూపించండి.

కరెంటు వైపు

జనరేటర్‌కూ వీధి లైనుకూ మధ్య ఏటీఎస్ అనే ఆటోమేటిక్ చేంజోవర్ స్విచ్ తప్పక ఉండాలి. రెండు వైపుల కరెంటూ ఒకేసారి కలవకుండా యాంత్రికంగానే అడ్డుకునే స్విచ్ ఇది. అది లేకుండా సాకెట్ ద్వారా ఇంటికి కరెంటు ఎక్కిస్తే, ఆ కరెంటు వీధిలోకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరుగుదారిన వేల వోల్టులుగా మారుతుంది. స్తంభం మీద ఆ లైను చచ్చిందనుకుని పని చేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. ఆ మనిషికీ ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్లుంటారు.

న్యూట్రల్‌ను ఎర్త్‌తో ఎక్కడ కలపాలన్నది మీ స్విచ్ న్యూట్రల్‌ను కూడా మారుస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఏ సమయంలోనైనా ఆ కలయిక ఒక్క చోటే ఉండాలి. రెండు చోట్ల ఉంటే ఎర్త్ తీగలో కరెంటు పారుతుంది, అసలే లేకపోతే లోపం వచ్చినప్పుడు బ్రేకర్ పడదు. ఎలక్ట్రీషియన్‌ను ఈ ప్రశ్న నేరుగా అడగండి; జవాబులో తడబాటు కనిపిస్తే మరొకరిని పిలవండి. గ్యాస్ పైపును ఎర్త్ కడ్డీగా వాడనివ్వకండి.

మొదటిసారి నడపడం

అవుట్‌పుట్ బ్రేకర్‌ను ఆపి ఉంచి చేత్తో స్టార్ట్ చేయించండి. పైపులో గాలి ఉంటుంది కాబట్టి రెండు మూడు ప్రయత్నాలు పట్టవచ్చు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ సరిగా ఉన్నాయా అని మీటరుతో చూశాకే బ్రేకర్ వేయాలి. మూడు ఫేజుల ఇల్లయితే ఫేజుల వరుస కూడా సరిచూడాలి, లేకపోతే మోటార్లు వెనక్కి తిరుగుతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. యంత్రం దగ్గర పరీక్షకు ఉంచిన చిన్న నోటికి గ్యాస్ పీడనం కొలిచే మానోమీటర్ పెట్టించి మూడు అంకెలు రాయించుకోండి: ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, లోడు లేకుండా నడుస్తున్నప్పుడు, ఇంట్లోని గ్యాస్ పరికరాలన్నీ వెలిగించి పూర్తి లోడు ఇచ్చినప్పుడు. నీటి గొట్టం మానోమీటర్ అయితే కంప్రెసర్ అందుకున్న క్షణంలో నీటి మట్టం ఎలా కుంగుతుందో కళ్లారా చూడవచ్చు. కాస్త కుంగి నిలబడితే పైపు చాలుతున్నట్టు. కుంగుతూనే పోయినా, మూడో అంకె యంత్రం పలక మీద రాసిన కనిష్ఠం కన్నా తగ్గినా పైపు చాలడం లేదు. బిల్లు మీద సంతకం పెట్టకండి. చిన్న యంత్రాల్లో చాలావాటికి సహజవాయువు పీడనం 9 నుంచి 17, ఎల్పీజీ పీడనం 25 నుంచి 30 మిల్లీబార్ల మధ్య ఉండాలి. చివరగా వీధి మెయిన్‌ను ఆపి, యంత్రం తనంతట తాను మొదలై లోడు తీసుకుని, మెయిన్ వేశాక తిరిగి అప్పగించి ఆగిపోయేదాకా పక్కనే ఉండి చూడండి. ఆ సమయంలోనే ఎవరినైనా ఇంట్లోకి పంపి, పడకగదుల్లోని అలారాల అంకె సున్నాలోనే ఉందో లేదో చూడమనండి.

ఆ తర్వాత

వారానికోసారి కొద్ది నిమిషాలు తనంతట తాను నడిచేలా సమయం పెట్టండి, మీరు మేలుకుని ఉండే పగటి వేళే పెట్టండి. నెలకోసారి అరగంట నిజమైన లోడు మీద నడపాలి. అత్యవసర వేళ మొండికేసే యంత్రాల్లో చాలావాటికి కారణం బ్యాటరీయే కాబట్టి దాన్ని మూడేళ్లకోసారి మార్చండి. కొత్త ఇంజన్ ఆయిల్‌ను తొలి పాతిక గంటల తర్వాత మార్చడం మామూలు పద్ధతి. కరెంటు రోజుల తరబడి రాకపోతే ప్రతి 24 గంటలకూ లోడు తీసి, యంత్రాన్ని రెండు నిమిషాలు ఊరికే నడిపించి ఆపి, ఆటో స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టి, చల్లారాక ఆయిల్ మట్టం చూడండి. మళ్లీ ఆటోలో పెట్టే ముందు కనెక్టర్ కీళ్లకు మరొక్కసారి సబ్బునీళ్లు పూయండి, ఒక రోజంతా అదిరిన నట్లు అవి.